ఒక్క ఇన్నింగ్స్ మనిషి

ఇరవై ఓవర్ల క్రికెట్‌లో పంతొమ్మిదో ఓవర్ ఎవరి చేతికివ్వాలన్నది ఎంత పెద్ద ప్రశ్నో మనకు బాగా తెలుసు. ఆ ఓవర్ వేసే బౌలర్ మొదట్లో ఒకటి రెండు ఓవర్లు వేసి, మధ్యలో బౌండరీ దగ్గర నిలబడి ఊపిరి పీల్చుకుని, మళ్లీ బంతి అందుకుంటాడు. అమెరికావాళ్ల బేస్‌బాల్‌లో ఈ వెసులుబాటు లేదు. అక్కడ బంతి విసిరేవాణ్ని పిచ్చర్ అంటారు. కాస్త ఎత్తుగా పోసిన మట్టిదిబ్బ మీద నిలబడి, పద్దెనిమిదిన్నర మీటర్ల దూరంలో ఉన్న బ్యాటర్‌కు నేల తాకకుండా బంతి విసరడం అతని పని. ఒక్కో జట్టుకు బ్యాటింగ్ తొమ్మిది వంతులు వస్తుంది. ముగ్గురు ఔటైతే ఒక వంతు పూర్తయినట్టు, ఆ వంతునే ఇన్నింగ్స్ అంటారు. పిచ్చర్‌ను ఒకసారి ఆట నుంచి తప్పించారంటే ఆ రోజుకు అతను మళ్లీ రావడానికి వీల్లేదు. అందుకే అతణ్ని మార్చడమంటే వెనక్కి తీసుకోలేని నిర్ణయం. అలా మధ్యలో వచ్చి బంతి అందుకునేవాడు రిలీఫ్ పిచ్చర్. చివరి ఇన్నింగ్స్ కోసమే అట్టేపెట్టుకునేవాడు క్లోజర్. పిలుపు వచ్చేదాకా వీళ్లంతా ఎదురుచూసే ఆవరణ పేరు బుల్‌పెన్.

ఈ వృత్తి గురించి అమెరికాలో చాలాకాలంగా ఒక వాదన నడుస్తోంది. ఏడాదికి 162 మ్యాచ్‌లు ఆడే జట్టులో, ఆట మొదలుపెట్టే స్టార్టర్ 180, 200 ఇన్నింగ్స్ దాకా మోస్తాడు. క్లోజర్ మోసేది అరవై, డెబ్బై. మూడో వంతు పని చేసినవాడికి సమాన గౌరవం ఎందుకివ్వాలని చాలామంది అడుగుతారు. వాళ్ల ప్రశ్న తీసిపారేయదగ్గది కాదు. కానీ వాళ్లు పట్టుకున్న కొలబద్ద తప్పని నా అభిప్రాయం. రిలీఫ్ పిచ్చర్‌ను మెచ్చుకునేవాళ్లు సాధారణంగా చూపించే 'సేవ్' అనే అంకె కూడా అంతే తప్పు కొలబద్ద. ఇతని విలువను రెండు విషయాల మీద కట్టాలి: పని ఏ ఘడియలో చేతికొచ్చింది, ఆ పనిని ఎన్నేళ్లపాటు చెక్కుచెదరకుండా చేశాడు.

మొదట చరిత్ర. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో మొదలుపెట్టినవాడే ముగించాలన్నది పిచ్చర్‌కు మర్యాదతో కూడిన నియమం. మధ్యలో వచ్చేవాడు స్టార్టర్‌గా పనికిరానివాడో, వయసు మీరినవాడో అయి ఉంటాడని అనుకునేవారు. 1924లో వాషింగ్టన్ సెనేటర్స్ జట్టు ఫిర్పో మార్బెర్రీ అనే యువకుణ్ని ముఖ్యంగా ఈ పనికే వాడుకుని, ఏడాది విజేతను తేల్చే వరల్డ్ సిరీస్ గెలిచింది. అయినా ఆ అభిప్రాయం పోలేదు. 1950లో ఫిలడెల్ఫియా ఫిల్లీస్ తరఫున జిమ్ కాన్‌స్టాంటీ 74 మ్యాచ్‌లు ఆడాడు. ఒక్కటి కూడా తను మొదలుపెట్టలేదు, అన్నీ మధ్యలో వచ్చినవే. ఆ ఏడాది నేషనల్ లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడి పురస్కారం అతనికే దక్కింది. ఆ తర్వాత జరిగింది ఈ వాదనకు బాగా పనికొస్తుంది. వరల్డ్ సిరీస్ వచ్చేసరికి జట్టుకు స్టార్టర్లు కరువయ్యారు. ఏడాదంతా ఒక్క మ్యాచ్ మొదలుపెట్టని కాన్‌స్టాంటీని న్యూయార్క్ యాంకీస్ మీద మొదటి మ్యాచ్‌కు దింపారు. ఎనిమిది ఇన్నింగ్స్ విసిరి ఒకే ఒక్క పరుగిచ్చాడు. సొంత జట్టు ఒక్క పరుగూ తీయలేక ఆ మ్యాచ్ ఓడిపోయింది. బుల్‌పెన్‌లో కూర్చున్నవాళ్లంతా స్టార్టర్‌గా విఫలమైనవాళ్లేనన్న నమ్మకం ఎంత బలహీనమైనదో ఆ ఎనిమిది ఇన్నింగ్స్ చెబుతాయి. హోయ్ట్ విల్‌హెల్మ్ కథ ఇంకోలాంటిది. రెండో ప్రపంచయుద్ధంలో యూరప్‌లో పోరాడి గాయపడిన ఈ సైనికుడికి పెద్ద లీగ్‌లో చోటు దొరికింది 1952లో, ఇరవై తొమ్మిదేళ్ల వయసులో. వేళ్ల కొసలతో నొక్కిపట్టి తిరగకుండా విసిరే నకిల్‌బాల్ అతని ఆయుధం. ఆ బంతి గాలిలో ఊగుతూ ఎటు పోతుందో బ్యాటర్‌కే కాదు, వెనక కూర్చుని పట్టే క్యాచర్‌కూ అంతు చిక్కదు. 1,070 మ్యాచ్‌లు ఆడి, యాభై ఏళ్లకు కొద్ది రోజుల దూరంలో ఆగాడు. మేటి ఆటగాళ్లకు మాత్రమే చోటు దక్కే హాల్ ఆఫ్ ఫేమ్‌లో 1985లో అడుగుపెట్టిన తొలి రిలీఫ్ పిచ్చర్ అతనే.

ఇక సేవ్ అనే అంకె ఎలా పుట్టిందో చూద్దాం. 1959లో పిట్స్‌బర్గ్ రిలీఫ్ పిచ్చర్ ఎల్‌రాయ్ ఫేస్ ఖాతాలో 18 గెలుపులు, ఒకే ఒక్క ఓటమి పడ్డాయి. చూడ్డానికి అద్భుతమే. కానీ వాటిలో కొన్ని మ్యాచ్‌లలో జట్టు ఆధిక్యాన్ని పోగొట్టింది ఫేసే. సహచరులు మళ్లీ పరుగులు తీసి గట్టెక్కించారు. నియమం ప్రకారం గెలుపు మాత్రం అతని పేరున పడింది. షికాగో క్రీడా విలేకరి జెరోమ్ హోల్ట్‌జ్‌మన్‌కు ఇది సబబుగా తోచలేదు. పోగొట్టినవాడికి కాదు, కాపాడినవాడికి పేరు రావాలని ఆయన సేవ్ అనే లెక్కను తయారుచేశాడు. 1969లో అది అధికారికమైంది. ఇప్పుడున్న నియమం స్థూలంగా ఇది: గెలిచిన మ్యాచ్‌ను చివరిదాకా విసిరి ముగించాలి, మూడు పరుగులో అంతకన్నా తక్కువో ఆధిక్యం ఉన్నప్పుడు వచ్చి కనీసం ఒక ఇన్నింగ్స్ వేయాలి. ఇంకా ఒకటి రెండు దారులున్నాయి గానీ ఎక్కువ సేవ్‌లు వచ్చేది ఇలాగే. ఒక అన్యాయాన్ని సరిదిద్దడానికి పుట్టిన లెక్క ఇరవై ఏళ్లు తిరక్కుండానే ఆటనే మార్చేసింది. ఓక్లండ్ మేనేజర్ టోనీ లా రుస్సా చేతిలో డెనిస్ ఎకర్స్‌లీ ఉండేవాడు. 1977లో ఒక మ్యాచ్ మొత్తంలో ఎదుటి జట్టుకు ఒక్క హిట్ కూడా ఇవ్వని స్టార్టర్ అతను, పదేళ్ల తర్వాత ఓక్లండ్ చేరాడు. అతణ్ని దాదాపుగా తొమ్మిదో ఇన్నింగ్స్‌కే, అదీ జట్టు ముందున్నప్పుడే పిలవడం లా రుస్సా అలవాటు చేశాడు. 1990లో ఎకర్స్‌లీ 73 ఇన్నింగ్స్‌కు పైగా విసిరి, గురితప్పిన బంతులతో ఊరకే నడిపించి మొదటి బేస్ (పరుగు బాటలో తొలి మజిలీ) ఇచ్చింది నలుగురికి మాత్రమే. ఆ విజయం చూసి మిగతా మేనేజర్లందరూ అదే బాట పట్టారు. నియమం ఏమడుగుతుందో సరిగ్గా అంతవరకే క్లోజర్‌ను వాడడం రివాజైంది.

ఇక్కడే బలమైన ఆక్షేపణ ఎదురవుతుంది. ఎనిమిది ఇన్నింగ్స్ ముగిసేసరికి ముందున్న జట్టు ఆ మ్యాచ్ గెలవడం సుమారు నూటికి తొంభై అయిదు సార్లు జరుగుతుంది. క్లోజర్లు లేని కాలంలోనూ, క్లోజర్లకు కోట్ల డాలర్లు పోస్తున్న కాలంలోనూ ఈ నిష్పత్తి పెద్దగా మారలేదు. అలాంటప్పుడు అతను కాపాడుతున్నదేమిటి? మూడు పరుగుల ఆధిక్యంతో వచ్చి, రెండు పరుగులిచ్చేసి, మూడో ఔట్ తీసినా సేవే అవుతుంది. ఈ ఆక్షేపణను నేను పూర్తిగా ఒప్పుకుంటాను. చాలా సేవ్‌లు చవకవే. అంతకన్నా పెద్ద నష్టం, ఆ అంకె మేనేజర్ల కళ్లు కప్పింది. 2016 అక్టోబర్ 4న టొరంటోలో జరిగింది చూడండి. బాల్టిమోర్ క్లోజర్ జాక్ బ్రిటన్ ఆ సీజన్‌లో వచ్చిన 47 అవకాశాల్లోనూ సేవ్ చేశాడు. తొమ్మిది ఇన్నింగ్స్‌కు అతనిచ్చిన పరుగుల సగటు 0.54, అంటే రెండు పూర్తి మ్యాచ్‌లకు సమానంగా విసిరితే ఒక్క పరుగు. ఆ రోజుది ఓడితే ఇంటికే అన్న మ్యాచ్. స్కోరు సమమై అదనపు ఇన్నింగ్స్‌కు వెళ్లింది. మేనేజర్ బక్ షోవాల్టర్ ఒకరి తర్వాత ఒకరిగా ఇతరులను పిలిచాడు. జట్టు ముందుకొస్తే సేవ్ కోసం బ్రిటన్ ఉండాలి గదా అని అతణ్ని ఆపి ఉంచాడు. పదకొండో ఇన్నింగ్స్‌లో ఉబాల్డో హిమెనెస్ విసిరిన బంతిని టొరంటో బ్యాటర్ ఎడ్విన్ ఎన్‌కార్నాసియోన్ స్టాండ్స్‌లోకి కొట్టాడు. మూడు పరుగులు, సీజన్ సమాప్తం. ఆ ఏడాది లీగ్‌లో అందరికన్నా తక్కువ పరుగులిచ్చిన చెయ్యి ఒక్క బంతి కూడా విసరలేదు.

అయితే దీనివల్ల తేలేది కొలబద్ద చెడ్డదని మాత్రమే. వృత్తే చిన్నదని తేలదు. తూకం రాళ్లు తప్పయితే సరుకు నాసిరకం అనం గదా. ఆ సరుకును వేరే తక్కెడలో తూచడానికి మరియానో రివేరా జీవితం కన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించదు. పనామాలో ప్యూర్టో కైమిటో అనే మత్స్యకారుల ఊరు అతనిది. తండ్రి చేపల పడవకు కెప్టెన్, కొడుకూ అదే పడవ మీద పనిచేశాడు. 1990లో యాంకీస్ అతనితో ఒప్పందం రాసుకున్నది రెండు మూడు వేల డాలర్లకే. 1992లో మోచేతికి శస్త్రచికిత్స అయింది. ఆ ఏడాది చివర కొత్తగా పుట్టిన రెండు జట్లు పాత జట్ల ఆటగాళ్లలోంచి ఎంపిక చేసుకుంటున్నప్పుడు యాంకీస్ అతణ్ని కాపాడుకోనూ లేదు, ఆ జట్లు తీసుకోనూ లేదు. 1995 మేలో స్టార్టర్‌గా తొలి మ్యాచ్ ఆడాడు. నాలుగో ఇన్నింగ్స్ పూర్తికాకముందే అయిదు పరుగులిచ్చి దిగిపోయాడు. ఆ ఏడాది పది మ్యాచ్‌లు మొదలుపెట్టి నిలదొక్కుకోలేకపోయాడు. విఫలమైన స్టార్టర్ అన్న ఆక్షేపణ రివేరా విషయంలో అక్షరాలా నిజం. కానీ ఆ మాటతో లెక్క ముగించేవాళ్లు ఆ మరుసటి ఏడాదిని చూడాలి. 1996లో అతను క్లోజర్ కూడా కాదు, క్లోజర్ జాన్ వెటలాండ్‌కు ముందు ఏడో, ఎనిమిదో ఇన్నింగ్స్ వేసేవాడు. 107 ఇన్నింగ్స్‌కు పైగా విసిరి 130 మందిని స్ట్రైకౌట్ చేశాడు, అంటే బంతిని ఆటలోకి కొట్టనివ్వకుండానే ఔట్ చేశాడు. ఆ ఏడాది అతని సేవ్‌లు అయిదే. అయినా లీగ్‌లో ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ పురస్కారపు ఓటింగ్‌లో మూడో స్థానంలో నిలిచాడు. జట్టు గెలుపుకు అతను ఎంత తోడ్పడ్డాడని లెక్కవేస్తే అతని పంతొమ్మిది సీజన్లలో అత్యుత్తమం అదే. సేవ్‌ల పట్టికలో దాదాపు కనిపించని ఏడాదే అతని గొప్ప ఏడాది కావడం నా వాదనకు అన్నిటికన్నా గట్టి సాక్ష్యం.

ఇన్నింగ్స్ తక్కువ గదా అనేవాళ్ల కోసం ఒక పోలిక. యాంకీస్‌లో రివేరా సహచరుడు ఆండీ పెటిట్ పేరున్న స్టార్టర్. మొత్తం 3,316 ఇన్నింగ్స్ విసిరి 256 మ్యాచ్‌లు గెలిచాడు. వాటిలో 72 గెలుపులకు చివర గొళ్లెం పెట్టింది రివేరానే. రివేరా విసిరినవి 1,283 ఇన్నింగ్స్. బేస్‌బాల్ గణకులకు ఒక కొలత ఉంది: ఈ ఆటగాడి బదులు చిన్న లీగ్ నుంచి ఓ మామూలు మనిషిని తెచ్చి నిలబెడితే జట్టు ఎన్ని మ్యాచ్‌లు తక్కువ గెలిచేదని. ఆ లెక్కలో పెటిట్‌కు 60 దాకా వస్తుంది, రివేరాకు 56 దాకా. అంటే నలభై శాతం కన్నా తక్కువ పనితో దాదాపు అంతే ఫలం. ఈ లెక్క రిలీఫ్ పిచ్చర్లకు సందర్భపు బరువును కూడా కలుపుతుంది, అది పక్షపాతమని కొందరంటారు. నాకలా అనిపించదు. ఎనిమిది పరుగుల ఆధిక్యంలో తీసిన ఔట్, ఒక్క పరుగు తేడాతో బేస్‌ల నిండా ప్రత్యర్థులున్నప్పుడు తీసిన ఔట్ ఒకటి ఎలా అవుతాయి? పొలానికి నీళ్లు పెట్టడం ఏ రోజైనా ఒకే పని, కానీ పొట్టకొచ్చిన వరికి ఆ రోజు పెట్టిన తడి వేరు. ఇంకో ఆక్షేపణ కూడా ఉంది, అది మరింత న్యాయమైనది. ఒకే ఇన్నింగ్స్ వేసేవాడు బలమంతా అందులోనే పెట్టగలడు, ఒకే బ్యాటర్‌కు మూడుసార్లు ఎదురుపడే అవసరం అతనికుండదు, కాబట్టి అతని సగటును స్టార్టర్ సగటుతో పోల్చకూడదని. నిజమే. ఆ సౌకర్యం బుల్‌పెన్‌లో ఉన్న అందరికీ ఉంది. అందుకే రివేరాను స్టార్టర్లతో కాక తన తోటివాళ్లతోనే పోల్చి చూడాలి.

పోల్చితే కనిపించేది ఆయుష్షు. 1990లో షికాగో వైట్ సాక్స్ క్లోజర్ బాబీ థిగ్‌పెన్ 57 సేవ్‌లతో అప్పటికి ఎవరూ అందుకోని రికార్డు పెట్టాడు. నాలుగేళ్లలో అతని పెద్ద లీగ్ ఆట ముగిసింది. 2008లో ఫిలడెల్ఫియా క్లోజర్ బ్రాడ్ లిడ్జ్ సీజన్‌లో 41కి 41 సేవ్ చేసి జట్టుకు వరల్డ్ సిరీస్ తెచ్చాడు. మరుసటి ఏడాది అతని సగటు 7.21కి పోయింది, పదకొండు ఆధిక్యాలు చేజారాయి. ఇవి ఎక్కడో జరిగిన మినహాయింపులు కావు, ఈ ఉద్యోగంలో మామూలే. ఏడాదికి డెబ్బై ఇన్నింగ్స్‌లోపు పని కాబట్టి నాలుగు చెడ్డ రోజులు వస్తే అంకె చెడిపోతుంది, అంకెతో పాటు నమ్మకం, దానితో పాటు స్థానం పోతాయి. రివేరా మాత్రం 1997 నుంచి, గాయపడిన ఒక్క ఏడాది మినహా, 2013 దాకా అదే స్థానంలో ఉన్నాడు. అదీ దాదాపు ఒకే బంతితో. 1997 వేసవిలో సహచరుడు రమీరో మెండోసాతో మ్యాచ్‌కు ముందు బంతి ఇచ్చిపుచ్చుకుంటుండగా, తను తిన్నగా విసిరిన బంతి చివరి క్షణంలో పక్కకు జరగడం గమనించాడు. కొన్నాళ్లు అతనూ, కోచ్ కూడా దాన్ని సరిచేయాలనే చూశారు. అది పోలేదు, పోకపోవడమే మేలైంది. కట్టర్ అనే ఆ బంతి ఎడమచేతి బ్యాటర్ వేళ్ల దగ్గరికి దూసుకొచ్చి బ్యాట్ సన్నటి భాగాన్ని విరగ్గొట్టేది. 2013లో అతను రిటైరవుతున్నప్పుడు మిన్నెసోటా జట్టు విరిగిన బ్యాట్లతో చేయించిన ఊగే కుర్చీని కానుకగా ఇచ్చింది. ఏ బంతి వస్తుందో బ్యాటర్‌కు ముందే తెలుసు, అయినా పదహారేళ్లు అది పనిచేసింది. తన కాలపు సగటు పిచ్చర్‌ను 100 అనుకుని, మైదానాల తేడాలు కూడా సరిచేసి లెక్కిస్తే రివేరా అంకె 205. వెయ్యి ఇన్నింగ్స్ దాటినవాళ్లలో అంతకు మించిన అంకె ఎవరికీ లేదు. అన్నిటికన్నా బరువైన ప్లేఆఫ్ మ్యాచ్‌లలో 141 ఇన్నింగ్స్ విసిరి, తన లెక్కలో పడిన పరుగులు పదకొండే ఇచ్చాడు. చవక సేవ్‌ల ఆక్షేపణకు ఇక్కడ చోటు లేదు. 2003లో బాస్టన్ మీద లీగ్ ఛాంపియన్‌షిప్ ఏడో మ్యాచ్‌లో స్కోరు సమంగా ఉండగా వచ్చి వరుసగా మూడు ఇన్నింగ్స్ పరుగివ్వకుండా వేశాడు.

అలాంటివాడు కూడా తప్పిపోయిన రాత్రులున్నాయి. 2001 నవంబర్ 4న అరిజోనాలో వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్, ఒక్క పరుగు ఆధిక్యం, చివరి ఇన్నింగ్స్. బంతి అందుకుని రెండో బేస్‌కు తనే తప్పుగా విసిరాడు. కాసేపటికి స్కోరు సమమైంది. చివరికి లూయిస్ గొన్సాలెస్ బ్యాట్ తగిలీ తగలకుండా లేపిన బంతి, ముందుకొచ్చి నిలబడిన ఫీల్డర్ల తలల మీదుగా వెళ్లి పడింది. 2004లో బాస్టన్ వరుసగా రెండు రాత్రులు అతని చేతిలోంచి మ్యాచ్‌లు లాగేసుకుంది. స్టార్టర్ మూడో ఇన్నింగ్స్‌లో తప్పుచేస్తే సరిదిద్దుకోవడానికి ఇంకా ఆరు ఇన్నింగ్స్ ఉంటాయి, తను కాకపోతే జట్టు సరిదిద్దుతుంది. క్లోజర్ తప్పు తర్వాత ఇంటికెళ్లడమే. అందువల్ల విఫలమయ్యాక మళ్లీ నిలబడడం ఈ వృత్తిలో ప్రధానమైన నైపుణ్యం, అదనపు గుణం కాదు. దీన్ని సెంటిమెంటు అనుకోనక్కర్లేదు, లెక్కలోనే ఉంది. 2004 ఓటమి తర్వాతి ఏడాది రివేరా సగటు 1.38, సేవ్‌లు 43. ఆ ఏప్రిల్‌లో బాస్టన్ మైదానానికి వెళ్తే అక్కడి జనం తమను గెలిపించినందుకు చప్పట్లు కొట్టారు. అతను నవ్వి టోపీ ఎత్తాడు.

రివేరా పక్కన పేరు తెలియని వందలమంది ఉన్నారు, వాళ్ల గురించి చెప్పకపోతే ఈ వాదన సగమే అవుతుంది. బుల్‌పెన్‌లో ఎనిమిదిమంది దాకా ఉంటారు. మేనేజర్ ఫోన్ చేస్తే లేచి బంతులు విసురుతూ చేయి వేడెక్కించుకుంటారు. పరిస్థితి మారితే మళ్లీ కూర్చోమంటారు. మర్నాడూ అంతే. ఆ బంతులు ఏ పట్టికలోనూ చేరవు, భుజం, మోచేయి మాత్రం వాటిని లెక్కపెట్టుకుంటాయి. ఇన్నింగ్స్ తక్కువ అనేవాళ్ల తక్కెడలో ఈ శ్రమ ఎక్కడా పడదు. పైగా ఒప్పందపు నియమాల ప్రకారం కొత్త పిచ్చర్‌ను జట్టు చిన్న లీగ్‌కు పంపి మళ్లీ తెచ్చుకోవచ్చు. నిన్న రెండు ఇన్నింగ్స్ వేసి అలసినవాణ్ని ఈ రోజు విమానం ఎక్కించి, తాజా చేయి ఉన్నవాణ్ని రప్పించడం జట్లకు అలవాటుగా మారింది. ఒక సీజన్‌లో ఒక ఆటగాణ్ని ఇలా అయిదుసార్లకు మించి పంపకూడదని 2022లో హద్దు పెట్టాల్సి వచ్చింది. రిలీఫ్ పిచ్చర్లను సులువుగా మార్చేయవచ్చు కాబట్టి వాళ్ల విలువ తక్కువంటారు కొందరు. నియమాలు వాళ్లను అలా మార్చడానికి వీలు కల్పించాయన్నది దానికి జవాబు. మార్చడం సులువు కావడం వేరు, వాళ్ల పని సులువు కావడం వేరు.

మేనేజర్ల ఆలోచన ఈ మధ్య మారింది. బ్రిటన్ కూర్చుండిపోయిన ఆ 2016 అక్టోబర్‌లోనే క్లీవ్‌లాండ్ మేనేజర్ టెరీ ఫ్రాంకోనా తన అత్యుత్తమ రిలీఫ్ పిచ్చర్ ఆండ్రూ మిల్లర్‌ను తొమ్మిదో ఇన్నింగ్స్ దాకా ఆపలేదు. ప్రమాదం అయిదో ఇన్నింగ్స్‌లో వస్తే అయిదులోనే పిలిచాడు. లీగ్ ఛాంపియన్‌షిప్‌లో అత్యుత్తమ ఆటగాడి పురస్కారం మిల్లర్‌కు దక్కింది. 2018లో టాంపా బే జట్టు సర్జియో రోమో అనే రిలీఫ్ పిచ్చర్ చేత మొదటి ఇన్నింగ్సే వేయించింది, ఎదుటి జట్టులో బలమైన బ్యాటర్లు మొదట వస్తారు గదా అని.

ఓటు వేసేవాళ్లూ మారారు. 2019లో హాల్ ఆఫ్ ఫేమ్ ఓటింగ్‌లో 425 మంది విలేకరులు ఓటేస్తే 425 మందీ రివేరా పేరు రాశారు. అంతకుముందు ఏ ఆటగాడికీ అది జరగలేదు. కానీ రివేరాతో ఒప్పుకోవడం తేలిక. అసలు పరీక్ష మరో క్లోజర్ బిల్లీ వాగ్నర్‌ది. చిన్నప్పుడు కుడిచేయి విరిగి ఎడమచేత్తో విసరడం నేర్చుకున్న మనిషి అతను. 2010లో ఆట మానేసేనాటికి 422 సేవ్‌లు, 1,196 స్ట్రైకౌట్లు, మొత్తం ఇన్నింగ్స్ 903. 2016లో మొదటిసారి అతని పేరు ఓటింగ్‌కు వచ్చినప్పుడు పడిన ఓట్లు 10.5 శాతం. గడువు పదేళ్లు. పదో ఏడాది, చివరి అవకాశంగా 2025లో, 82.5 శాతం వచ్చి ఎన్నికయ్యాడు. ఆ పదేళ్లలో వాగ్నర్ ఒక్క బంతి కూడా విసరలేదు.